ఒక్క తీగ, పలు కంప్యూటర్లు: ఇంటి ఇంటర్నెట్టును పంచుకొను విధము

మైదుకూరు ప్రాంతపు రైతునకు పంపకమును గూర్చి క్రొత్తగా చెప్పవలసినది లేదు. సుంకేసుల ఆనకట్టకడ తుంగభద్రనుండి బయలుదేరిన కర్నూలు–కడప కాలువ సుమారు మూడువందల కిలోమీటర్లు నడచి, కుందూనది లోయలోని పొలములను తడుపుచు కడపవైపు సాగును. 1863–1870 సంవత్సరముల మధ్య మదరాసు ఇరిగేషను అండ్ కెనాలు కంపెనీ యను ఆంగ్లేయ సంస్థ పడవలు నడపుటకును, పైరులు పండించుటకును దీనిని త్రవ్వించెను. 1882లో ప్రభుత్వము దానిని కంపెనీనుండి తీసికొనెను. కాలువలోని నీరొక్కటే, తూములు వేరు, పిల్లకాలువలు వేరు, మడవలు వేరు. ఎగువవాడు మడవ విప్పి రాత్రియంతయు నీరు పెట్టుకొన్నచో దిగువవాని మడి ఎండునని మనలో ఎవరికి తెలియదు?

ఇప్పుడు మన యిండ్లకు మరియొక కాలువ వచ్చుచున్నది. అది కరెంటు స్తంభముల వెంబడి వచ్చు సన్నని తీగ. దానిలోపల నున్నది రాగి కాదు, వెండ్రుకవంటి గాజుపోగు. అందులో వార్తలు వెలుగు రూపమున పరుగెత్తును. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్టు వారు నేలను త్రవ్వుట కగు వ్యయమును, కాలమును తగ్గింపగోరి, ఉన్న విద్యుత్ స్తంభములమీదుగనే ఈ తీగను ఇరువదివేల కిలోమీటర్లకు పైగా లాగిరి. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి శ్రీ రామనాథ్ కోవిందుగారు ఆ పథకమును ప్రారంభించిరి. ఆదిలో నెలకు 149 రూపాయలకు టెలివిజను, టెలిఫోను, ఇంటర్నెట్టు మూడును దొరకునని ప్రకటించిరి. పిదప ధరలు మారినవి. బి.ఎస్.ఎన్.ఎల్. వారును, ప్రైవేటు కంపెనీలవారును ఇట్టి తీగలనే ఇండ్లకు తెచ్చుచున్నారు. తీగ ఎవరిదైనను ఈ పాఠమునకు భేదము లేదు.

తీగ వచ్చిన ఇంట పుట్టు మొదటి సందేహ మొక్కటే. ఇంటిలో కంప్యూటర్లు రెండు మూడున్నవి, ఫోనులు నాలుగైదున్నవి, తీగ యొక్కటి. ఒక్కొక్క యంత్రమునకు ఒక్కొక్క చందా కట్టవలయునా? అక్కరలేదు. ఒక్క చందాతో ఇంటిలోని యంత్రము లన్నియు పనిచేయును. అయితే అది ఎట్లు జరుగునో తెలియనివాడు రెండు విధముల నష్టపడును. వేగము చాలక, కారణ మెరుగక, అనవసరముగ హెచ్చు చందా కట్టుట యొకటి. తన పేరను ఇతరులు చేసిన పనికి తాను జవాబు చెప్పవలసి వచ్చుట రెండవది. మొదటి నష్టము రూపాయలతో పోవును. రెండవది అట్లు పోవునది కాదు.

పసుపు పండించు ఒక రైతు ఇంటిని తలచుకొందము. రైతు తన ఫోనులో దుగ్గిరాల, నిజామాబాదు పసుపు ధరలు చూచుచున్నాడు. మీభూమి యందు తన అడంగలు సరిగా నున్నదో లేదో చూచుకొనుచున్నాడు. పెద్దకుమారుడు ఏదో కంపెనీ ఉద్యోగమును ఇంటినుండియే కంప్యూటరుపై చేయుచున్నాడు. కోడలు ప్రవేశపరీక్షకై పాఠములు వినుచున్నది. చిన్నవాడు సినిమా చూచుచున్నాడు. నలుగురును ఒక్క తీగమీదనే యున్నారు. ఎవరి వార్త వారికే చేరుచున్నది. కోడలి పాఠము పోయి చిన్నవాని తెరపై పడుట లేదు. ఇది ఎట్లు సాధ్యమైనదని విచారింపవలెను.

పెట్టెలోని గుమాస్తా

తీగ చివర గోడకు తగిలించు చిన్న పెట్టె యున్నది గదా. అది మూడు పనులు చేయును. తీగలోని వెలుగును విద్యుత్ సంకేతముగ మార్చుట మొదటిది. వచ్చిన వార్తను ఏ యంత్రమునకు చేర్చవలెనో నిర్ణయించుట రెండవది. ఈ పని చేయు భాగమును రౌటరు అందురు. తీగ లేకుండ గాలిలో రేడియో అలల మూలమున ఇంటిలోని యంత్రములతో మాటలాడుట మూడవది. దీనినే వైఫై అనుచున్నాము. కొన్ని యిండ్లలో ఈ మూడును ఒక్క పెట్టెలో నుండును, కొన్నింట రెండు పెట్టె లుండును. రెండవ పనియే ఈ వ్యాసమునకు ముఖ్యము.

ఇంటర్నెట్టులో మాటలాడు ప్రతి యంత్రమునకును ఒక చిరునామా సంఖ్య కావలెను. మొదట నిర్ణయించిన పద్ధతి ప్రకారము ఇట్టి సంఖ్యలు సుమారు 429 కోట్లు మాత్రమే యుండును. ప్రపంచ జనాభా 800 కోట్లు దాటినది. మనిషికి ఒక్కటియైనను రావు. ఈ కొరత రానున్నదని ముందే గ్రహించి 1994లో ఎగెవాంగు, ఫ్రాన్సిసు అను ఇరువురు ఒక ఉపాయమును ప్రకటించిరి. 1996లో కొన్ని సంఖ్యలను ఇంటిలోపలి వాడుకకే ప్రత్యేకించి విడిచిరి. మీ పెట్టె అడుగున అంటించిన చీటీపై కనబడు 192.168.1.1 వంటి సంఖ్యలు ఆ తరగతివే. ఇవి ప్రతి ఇంటను ఉండవచ్చును. మైదుకూరిలో నున్నది వనిపెంటలోను ఉండును, ప్రొద్దుటూరిలోను ఉండును. ఇల్లు దాటి బయటికి రావు గనుక చిక్కు లేదు. ప్రపంచ భాండారములో మిగిలిన పాతతరగతి సంఖ్యల కడపటి కట్టలను 2011 ఫిబ్రవరి 3న పంచివేసిరి. అటుపిమ్మటను పాతపద్ధతి నడచుచున్నదన్నచో దానికి ముఖ్యకారణము ఈ ఉపాయమే. మిక్కిలి పెద్ద సంఖ్యలు గల క్రొత్త పద్ధతియు వ్యాపించుచున్నది గాని, పాతదానిని ఇంకను త్రోసివేయలేదు.

ఆ ఉపాయము మన సహకార సంఘములోని వ్యవహారము వంటిదే. ఎరువుల కాలమున అయిదుగురు సభ్యులు సంఘమునకు వచ్చి, ఒకరు యూరియా, ఒకరు డి.ఎ.పి., ఒకరు పొటాషు కావలెనని చెప్పుదురు. గుమాస్తా ఆ పేర్లను రిజిస్టరులో వ్రాసికొని, సంఘము పేరనే బయటికి ఇండెంటు పంపును. పంపువానికి ఆ అయిదుగురి పేర్లతో పనిలేదు. వానికి సంఘము పేరు తెలిసిన చాలును. లారీ వచ్చి సంఘము వాకిట నిలిచినప్పుడు గుమాస్తా రిజిస్టరు విప్పి, ఈ ఇండెంటు సంఖ్య ఎవరిదో చూచి, వారి బస్తాలు వారికి ఇచ్చును. రౌటరు చేయునది సరిగా నిదే. కోడలి కంప్యూటరు ఒక పాఠము నడిగినప్పుడు ఆ కోరికపై తన యింటి చిరునామా వ్రాసి, గుర్తుగా ఒక చీటీసంఖ్య వేసి, ఆ రెంటిని తన లెక్కలో నుంచుకొని బయటికి పంపును. ఇట్టి చీటీసంఖ్యలు 65 వేలకు పైగా గలవు. జవాబు వచ్చినప్పుడు చీటీసంఖ్యను చూచి కోడలి కంప్యూటరునకే అప్పగించును. ఇదంతయు రెప్పపాటులో వేలసార్లు జరుగుచుండును.

దీనినుండి రెండు ఫలితములు కలుగును. ఎవరును అడుగని సరకుతో లారీ వచ్చినయెడల గుమాస్తా రిజిస్టరు చూచి, ఇందెవరి పేరును లేదని త్రిప్పి పంపును. అట్లే బయటివాడు ఊరక మీ కంప్యూటరును తట్టిలేపుటకు రౌటరు అడ్డుపడును. ఇది కొంత రక్షణయే గాని సంపూర్ణరక్షణ కాదు. సభ్యుడే నకిలీ విత్తనములకు ఇండెంటు పెట్టినచో గుమాస్తా ఏమి చేయగలడు? ఋణము మాఫీ అయినదని, సబ్సిడీ వచ్చినదని వచ్చు సందేశములోని లంకెను మనమే నొక్కినచో, దొంగను మనమే చేయిపట్టి లోనికి తెచ్చినట్లగును. అప్పుడు ఏ పెట్టెయు కాపాడదు.

రెండవ ఫలితము మరింత గట్టిది. బయటి ప్రపంచమునకు కనబడునది సంఘము పేరే గాని సభ్యుని పేరు కాదు. ఇంటిలో ఎవరేమి చేసినను బయటి లెక్కలో అది చందాదారుని చిరునామానుండియే జరిగినట్లుండును. అనేక కంపెనీలు నేడు పలు ఇండ్లను కలిపి ఒకే చిరునామా వెనుక నిలుపుచున్న మాట నిజమే. అయినను ఏ క్షణమున ఏ చందాదారుడు వాడెనో ఆ కంపెనీల లెక్కలలో నుండును. ఈ సంగతిని మరల తలచుకొనవలసి వచ్చును.

పూర్వము ఈ పెట్టెలు ఇండ్లలో లేనప్పుడు కంప్యూటరే గుమాస్తాపని చేసెడిది. 1995 ఆగష్టు 15న మనదేశమున సామాన్యులకు ఇంటర్నెట్టు వచ్చిన తొలిదినములలో టెలిఫోను తీగకు మోడెము తగిలించి, నంబరు త్రిప్పి, ఒక్క కంప్యూటరునకు మాత్రమే పొందుచుండిరి. 1999లో వచ్చిన విండోసు 98 రెండవ కూర్పులో ఒక కంప్యూటరు తనకు వచ్చిన ఇంటర్నెట్టును తక్కిన కంప్యూటర్లకు పంచియిచ్చు ఏర్పాటు చేసిరి. అయితే ఆ మొదటి కంప్యూటరును ఆర్పినచో ఇల్లంతయు ఆగిపోయెడిది. నేడు తీగ రాని పల్లెలలో ఫోనులోని హాట్‌స్పాటు ఇదే పని చేయుచున్నది. అత్యవసరమునకు అది మంచిదే. కాని ఫోను వేడెక్కును, బ్యాటరీ త్వరగా దిగును, దినమునకు ఇంతయని యిచ్చిన డేటాను ఒక్క సినిమాయే మ్రింగివేయును.

వేగము లెక్క

కంపెనీవారు 40 ఎంబీపీఎస్ అని చెప్పుదురు. అది సెకనుకు 40 మెగాబిట్లు. మన ఫోటోలను, కాగితములను కొలుచు మెగాబైటు వేరు. ఎనిమిది బిట్లు ఒక బైటు. కావున 40ని 8చే భాగింపగా సెకనుకు 5 మెగాబైట్లు వచ్చును. వచ్చినది 40 అనుకొని 5 చూచి, కంపెనీ మోసగించినదని తగవులాడువారు కలరు. తగవుకు ముందు ఈ భాగహారము చేయుట మేలు.

ఈ 40 అనునది కాలువ వెడల్పు. ఇంటిలో యంత్రములు పెరిగినంతమాత్రమున కాలువ వెడల్పు పెరుగదు. అట్లని యంత్రమున కింతయని సరిసమానముగ కోసి పంచుటయు లేదు. ఎవరును వాడనప్పుడు ఒక్కడే మొత్తము వాడుకొనవచ్చును. పై ఇంటిలో మాటలాడుచు ముఖము చూపు కాలునకు సెకనుకు 2 నుండి 4 మెగాబిట్లు చాలును. మంచి స్పష్టత గల సినిమాకు సుమారు 5 కావలెను. రైతు ధరలు చూచుటకు ఒక్కటియైనను అక్కరలేదు. అందరిని కూడినను 15 దాటదు. 40 చందా గల ఇల్లు వేగము చాలదని 100 చందాకు మారుచున్నదన్నచో, లోపము తరచుగ మరియొకచోట నుండును.

అయితే కాలువను త్రాగివేయు పనులు కొన్ని యున్నవి. 2,000 మెగాబైట్ల సినిమాను దించుకొనువాడు సెకనుకు 5 మెగాబైట్ల చొప్పున 400 సెకనులు, అనగా సుమారు ఏడు నిమిషములు, కాలువ నంతయు తనవైపు త్రిప్పుకొనగలడు. కంప్యూటరులోని ప్రోగ్రాములు తమంతట తామే క్రొత్త కూర్పులను దించుకొనుటయు ఇట్టిదే. ఇది ఎవరికిని కనబడదు. ఫోను తన ఫోటోల నన్నింటిని దూరభాండారమునకు ఎక్కించుట మరియు చెడ్డది. ఏలన ఎక్కించు మార్గము నిండినప్పుడు, దించుకొనువారి చిన్న చిన్న కోరికలు సైతము బయటికి పోలేక వరుసలో నిలిచిపోవును. కోడలి పాఠము ఆగి ఆగి వచ్చుటకు చిన్నవాని సినిమాకంటె రైతు జేబులోని ఫోనే కారణము కావచ్చును. ఇట్టివానిని రాత్రి పండుకొనిన పిదప జరుగునట్లు అమర్చుట ఉత్తమము. కాలువనీటికి వంతు లేర్పరచుకొన్నవారికి ఇది కష్టమైన కట్టుబాటు కాదు. కొన్ని రౌటర్లలో ఫలానా యంత్రమునకు ముందు వంతు ఇమ్మని చెప్పు ఏర్పాటును ఉన్నది. పరీక్షలు వ్రాయువారు గల ఇంట దానిని వాడుకొనవచ్చును.

గోడల సంగతి

మా యెరుకలో వేగము తక్కువయను ఫిర్యాదులలో అధికభాగము కాలువ దోషము కాదు, గోడ దోషము. మన పాత మిద్దెల గోడలు రాతితోను మట్టితోను కట్టినవి; మూరెడు మందము గలవి. వైఫై అలలు అట్టి గోడను దాటుటలో మిక్కిలి క్షీణించును. ఇనుపబీరువా, నీటితొట్టి, పెద్ద అద్దము, ధాన్యపు బస్తాల దొంతర ఇవియు అడ్డములే. ఇట్లుండగా మనవారు పెట్టెను ఎక్కడ పెట్టుదురు? తీగ వీధివైపునుండి వచ్చినది గనుక వీధి గదిలో, అందముగా లేదని బీరువా వెనుక. వీధిలో పోవువారికి ఇంటివారికంటె మంచి వైఫై దొరకుచుండును!

పెట్టెను ఇంటికి నడుమగా, నిలువెత్తున, తెరపిలో నుంచవలెను. తీగ పొడిగింపుమని పనివానిని అడిగినచో కొన్ని మీటర్లు పొడిగించును. తీగ బిగించు దినముననే అడుగుట సులభము. పెట్టెనుండి వచ్చు అలలు సామాన్యముగ రెండు తరగతులు. 2.4 అను తరగతి దూరము పోవును, గోడను కొంత మేలుగ దాటును. వేగము తక్కువ, పొరుగిండ్ల పెట్టెల రద్దీ ఎక్కువ. 5 అను తరగతి వేగము గలది, గాని గోడకు లొంగిపోవును. పెట్టె ఉన్న గదిలోనివారు 5ను, దూరపు గదులవారు 2.4ను పట్టుకొనుట యుక్తము.

గోడ దోషమో కాలువ దోషమో తెలిసికొనుటకు ఒక పరీక్ష గలదు. కంప్యూటరును పెట్టెకడకు తెచ్చి, రాగితీగతో నేరుగా తగిలించి వేగము చూడుడు. అచ్చట 40 వచ్చి, వెనుక గదిలో 3 మాత్రమే వచ్చుచున్నచో, చందా పెంచినందువలన వెనుకగదికి దమ్మిడీ లాభము లేదు. ఉద్యోగము చేయు కంప్యూటరు ఒక్కచోటనే యుండునది గనుక దానికి పెట్టెనుండి రాగితీగ లాగుటయే అన్నిటికంటె చవుకయైన మార్గము. ఈథర్‌నెట్టు అను ఈ తీగ 100 మీటర్లవరకు పనిచేయును. ఇంటికి అది చాలును. కాని రెండు కట్టడముల నడుమ ఆరుబయట ఈ రాగితీగను వ్రేలాడదీయకుడు. పిడుగు దగ్గరలో పడినప్పుడు రాగితీగ మూలమున రెండువైపులనున్న యంత్రములును చెడవచ్చును. గాజుపోగు విద్యుత్తును మోయదు గనుక బయటి దూరములకు అదియే తగినది.

వెనుకగదిలో రెండవ రౌటరు పెట్టువారు ఒక పొరపాటు తరచుగ చేయుదురు. రౌటరు తన వెనుకనున్న యంత్రములకు ఇంటిసంఖ్యలను పంచుననియు చెప్పవలసియున్నది. మొదటి పెట్టె పంచుచుండగా, రెండవ పెట్టెయు అదే మడిలో నిలిచి తానును పంచసాగినచో, ఒకే సంఖ్య ఇద్దరికి పోవచ్చును. కొన్ని యంత్రములు దారి తెలియక నిలిచిపోవును. ఒక చెరువునకు ఇద్దరు నీరుగంట్లను పెట్టి, ఒకరి మాట ఒకరికి తెలియకుండ తూములు ఎత్తించినట్లుండును. రెండవ పెట్టెలో సంఖ్యలు పంచు పనిని ఆపి, దానిని కేవలము వైఫై పలుకునట్లు అమర్చవలెను. క్రొత్త పెట్టెలలో ‘యాక్సెస్ పాయింటు’ అను పేర ఈ యేర్పాటు ఒక్క మీటతో దొరకును. తీగ బిగించు కుర్రవానిచేత దగ్గరనుండి చేయించుకొనుడు.

తాళము

2008 జులై 26న అహమ్మదాబాదులో బాంబులు ప్రేలుటకు కొన్ని నిమిషములు ముందు వార్తాసంస్థలకు ఒక బెదరింపు ఈ-మెయిలు పోయెను. పోలీసులు దాని చిరునామాను వెదకుకొనుచు పోగా, అది నవీ ముంబయిలో కాపురమున్న ఒక అమెరికా దేశస్థుని యింటి కనెక్షనుగా తేలెను. ఆయన కంప్యూటర్లను పరిశీలించిరి, ఆయనను పలుమార్లు ప్రశ్నించిరి. ఆ యింటి వైఫైకి తాళము లేదు. ఎవరో దానిని వాడుకొని ఆ లేఖను పంపిరి. ఆయనకు దానితో సంబంధము లేదని పిదప తేలెను. నిర్దోషియని తేలువరకు ఆయన అనుభవించిన బాధను పట్టణవాసియైన విదేశీయుడు ఎట్లో తట్టుకొనెను. పైరు కోతకు వచ్చిన సమయమున మన రైతు ఠాణాల చుట్టు తిరుగగలడా?

కావున వైఫైకి తాళపుమాట తప్పక యుండవలెను. పెట్టెతో వచ్చిన తాళపుమాట పెట్టె అడుగుననే వ్రాసియుండును. చూచినవారందరికి అది తెలియును. దానిని మార్చి, పండ్రెండక్షరములకు తక్కువ కాకుండ, ఇంటిపేరుగాని ఫోను నంబరుగాని కాని మాటను పెట్టుకొనుడు. పెట్టె అమరికలను మార్చుటకు వేరొక తాళపుమాట గలదు. అనేక గృహములలో అది కర్మాగారమునుండి వచ్చిన రీతినే ‘అడ్మిన్’ అని యుండిపోవును. ఇది ముంగిటి తలుపు బిగించి పెరటి తలుపు తెరచి నిదురించుటయే. వైఫై తాళపు తరగతి అడిగినచో డబ్ల్యు.పి.ఎ. 2 గాని 3 గాని ఎన్నుకొనవలెను. అంతకు పూర్వపు డబ్ల్యు.ఇ.పి. పనికిరాదు, దానిని నిమిషములలో విప్పుదురు.

పెండ్లికో పండుగకో వచ్చిన చుట్టములు తాళపుమాట అడుగకమానరు. ఇవ్వకపోవుట మర్యాదయును కాదు. అందుకు ‘అతిథి నెట్టు’ అను ఏర్పాటు చాల పెట్టెలలో నున్నది. దానికి వేరు పేరు, వేరు తాళము. దానిలో చేరినవారికి ఇంటర్నెట్టు దొరకును గాని మన కంప్యూటర్లు కనబడవు. చుట్టములు వెడలిన పిదప దానిని ఆర్పివేయవచ్చును. బయటి లెక్కలో మాత్రము అతిథి చేసినదియు చందాదారుని పేరనే పడునని మరువరాదు. చుట్టము వసారాలో కూర్చుండి ఏమి చేసినను, ఇండెంటు మన సంఘము పేరనే పోవుచున్నది.

పొరుగింటివారితో పంపకము

ఒక చందాను రెండు మూడిండ్లవారు కలిసి కట్టుకొనిన చవుక గదా యని సభ్యులకు తోచును. సహకారము నేర్చినవారికి ఇట్టి ఆలోచన కలుగుట సహజమే; కాని ఇచ్చట జాగ్రత్త కావలెను. తంతివార్తల సేవను ఇతరులకు అమ్ముటకు ప్రభుత్వపు అనుమతి యుండవలెననునది 1885 నాటి టెలిగ్రాఫు చట్టము నాటినుండి వచ్చుచున్న సూత్రము. మీరు సంతకము చేసిన చందా పత్రములోను, ఇతరులకు అమ్మరాదను షరతు సామాన్యముగ నుండును. ఇంటిలోనివారు ఎందరు వాడుకొన్నను అది పంపకము. పొరుగువానినుండి నెలకింతయని పుచ్చుకొని యిచ్చినచో అది అమ్మకమగును. సొమ్ము పుచ్చుకొనకయే యిచ్చినను పూచీ తప్పదు.

పదిమందికి న్యాయముగ ఇయ్యగోరు దుకాణమునకుగాని సంఘమునకుగాని వేరు మార్గము తెరచియున్నది. 2020 డిసెంబరు 9న కేంద్ర మంత్రివర్గము పి.ఎం.-వాణి అను పథకమును ఆమోదించినది. ఇందు చిన్న అంగడివాడు సైతము, లైసెన్సుగాని రిజిస్ట్రేషనుగాని రుసుముగాని లేకుండ, ‘పబ్లిక్ డేటా ఆఫీసు’ పేర బహిరంగ వైఫై నడుపవచ్చును. అతడు తీగ తెచ్చుకొని, ప్రభుత్వమున నమోదైన ఒక మధ్యవర్తి సంస్థతో చేరవలెను. వాడుకొనువారు ఎవరో తమ ఫోను మూలమున తెలియజేసికొని లోనికి వత్తురు. ఆ లెక్కలను మధ్యవర్తి సంస్థ వ్రాసియుంచును. మన పోలికలో చెప్పినచో, ఇచ్చట రిజిస్టరులో ప్రతి సభ్యుని పేరును నిలుచును గనుక అందరి పాపమును ఒక్కని తలపై పడదు. ఇట్టి ఆఫీసులనుండి కంపెనీలు విపరీతపు ధరలు గుంజుచున్నవను ఫిర్యాదు చాలకాల ముండెను. 2025 జూన్ మాసమున ట్రాయ్ సంస్థవారు, 200 ఎంబీపీఎస్ వరకు గల చందాలకు ఇండ్లవారి ధరకు రెండింతలు మించి పుచ్చుకొనరాదని కట్టడి చేసిరి. ఇల్లిల్లు తిరిగి రాగితీగలు లాగుటకంటె ఇది గౌరవమైన త్రోవ.

సంఘపు కార్యాలయమును గూర్చియు ఒక్క మాట చెప్పవలెను. ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములు 63,000 వరకు కంప్యూటర్లమీదికి మార్చుటకై 2022 జూన్ 29న కేంద్ర మంత్రివర్గము 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. సభ్యుల అప్పులును డిపాజిట్లును వ్రాయు ఆ కంప్యూటరు ఏ తీగమీద నడుచుచున్నదో, వచ్చిపోవువారి ఫోనులును తాళపుమాట అడిగి ఆ తీగమీదనే చేరుచున్నవా యని ప్రతి సంఘమును చూచుకొనవలెను. ఒకే వైఫైలో నున్న యంత్రములు ఒకదానినొకటి చూడగలవు. రోగము పట్టిన ఒక్క ఫోను లెక్కల కంప్యూటరు తలుపు తట్టగలదు. లెక్కల కంప్యూటరును రాగితీగతో తగిలించి, వచ్చువారికి అతిథి నెట్టు మాత్రమే యిచ్చి, ఈ-పంట నమోదు, బీమా గడువుల దినములలో దానిని గూడ ఆపివేయుట మంచిది. అట్టి దినములలో వాకిట నిలిచిన పదిమంది ఫోనులు కాలువను త్రాగివేయగా, గడువులోపల పోవలసిన రైతు దరఖాస్తు లోపల చిక్కుకొనిపోవును.

కరెంటు పోయినప్పుడు పెట్టెయు ఆరిపోవును. తీగలోని వెలుగు మాత్రము పెక్కుసార్లు వచ్చుచునే యుండును. పెట్టెపై వ్రాసిన వోల్టులను చూచి, చాలవరకు అవి 12 ఉండును, దానికి తగిన చిన్న బ్యాటరీని కొని నడుమ తగిలించినచో కొన్ని గంటలు పెట్టె వెలుగుచుండును. లాప్‌టాపు తన బ్యాటరీతో తాను నడచును. మా సంఘములో ఇట్టిది పెట్టిన పిదప, సాయంకాలపు కోతలలో సగము వ్రాసిన పద్దు నిలిచిపోవుట తప్పినది.